కిలీనర్ సైడు చక్రం

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. మెకానికల్ డిప్లొమా సర్టిఫికెట్ చేతికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు, జహీరాబాద్‌లోనే ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను, మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడుతోంది. ఆ కార్డుతో కూరగాయల బజారుకు వెళితే తోపుడుబండ్ల చక్రాలు కూడా నన్ను చూసి కాస్త సర్దుకుని తిరుగుతున్నట్టు అనిపించేది. ఫ్యాక్టరీలో నా ఉద్యోగమల్లా పెట్టెల్లో వచ్చిన నట్లను కొలిచి మంచివి ఇటూ చెడ్డవి అటూ వేయడం. కాలేజీలో అయితే అదే నట్టును పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో మూడేళ్లపాటు గీశాను. కాగితం మీద గీసిన నట్టు ఎన్నడూ మొరాయించదు. బండికి బిగించి ఉన్న నట్టును నా చేతులతో విప్పడం మాత్రం అప్పటిదాకా జరగలేదు (ఇంట్లో వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు).

మా తాతకు ఒక కారు ఉండేది. వయసులో ఉన్నప్పుడు న్యాల్‌కల్ వైపు ఒక పెద్ద రైతు దగ్గర కొన్నాడట. అప్పటికే అది ముసలిది. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిందని తాత చెప్పేవాడు. ముందు ఉండాల్సిన బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి ఏ కంపెనీదో మాకెవరికీ తెలియదు, ఇంట్లో అందరూ దాన్ని 'మోటరు' అనేవాళ్లు. ఒకప్పుడు మీగడ రంగట. మాకు ఊహ తెలిసేనాటికి కాస్త మాడిన జొన్నరొట్టె రంగుకు వచ్చింది. తాత పోయాక అది పెరట్లోని రేకుల షెడ్డులో నిలబడిపోయింది. దాని మీద అల్లం ఎండబోసేవాళ్లు. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి, ఆ గుడ్లకు మా వాడలో 'మోటరు గుడ్లు' అని పేరు కూడా ఉండేది.

అక్కకు పెళ్లి కుదిరినప్పుడు ఈ మోటరు సంగతి మళ్లీ పైకి వచ్చింది. అక్క చిన్నప్పుడు తాత ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టుకుని, "నీ పెండ్లికి గీ మోటర్లనే పోదువు బిడ్డా" అనేవాడు. అక్క ఏదీ అడిగే మనిషి కాదు. పెళ్లిచీర రంగు కూడా అమ్మనే చూడమంది. అలాంటిది ఒకరోజు అన్నం తింటూ, తల ఎత్తకుండా, "నాయినా, మండపానికి తాత మోటర్ల పోతె ఎట్లుంటది?" అని అడిగింది. నాయిన చేయి కంచంలోనే ఆగింది. ఆయన అప్పటికే బీదర్‌లో పాత ఇనుము కొనే సేటుతో మోటరు గురించి మాట కలిపి ఉన్నాడు. ముద్ద మళ్లీ కలుపుతూ, "పెండ్లినాటికి నడిస్తె పోవచ్చు. నడవకపోతె పెండ్లయిన తెల్లారి ఆ సేటు వచ్చి కోసుకపోతడు. ఇగ దాని మాట ఎత్తద్దు" అన్నాడు. అలా అక్క కోరికా మోటరు ప్రాణమూ ఒకే ముడిలో పడ్డాయి.

బీదర్ రోడ్డు మీది మెకానిక్ ఒకాయన వచ్చి వారం రోజులు కుస్తీ పట్టి ఇంజన్ని లేపాడు. అది లేచిన రోజు షెడ్డులోంచి వచ్చిన పొగకు కోళ్లన్నీ పక్కింటి గోడ దూకి వెళ్లాయి, రెండు రోజుల దాకా తిరిగి రాలేదు. ఇంజను మోగుతోంది గానీ బండి అంగుళం కదలదు. వెనక చక్రాల లోపల బ్రేకులు తుప్పు పట్టి గిన్నెల్లాంటి ఇనుప డ్రమ్ములకు అతుక్కుపోయాయన్నాడు మెకానిక్. "రెండు చక్రాలు ఇప్పాలె, డ్రమ్ములు ఊడదియ్యాలె, లోపల సాఫ్ చేసి మల్ల బిగియ్యాలె. గంతే, పూట పని" అని చెప్పి, ఆ పూట పని చేయకుండానే వాళ్ల బామ్మర్ది పెళ్లికి వెళ్లిపోయాడు. అది ముహూర్తాల వారం. జహీరాబాద్‌లో మెకానిక్ అన్నవాడికల్లా ఎవరో ఒక బామ్మర్ది ఉన్నాడనీ, వాళ్లందరికీ అదే వారం పెళ్లనీ మాకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే తెలిసింది.

అప్పుడు మా కాక, అంటే నాయిన తమ్ముడు, నన్ను చూపించాడు. "ఇంట్ల ఇంజినీరు పిల్లను పెట్టుకొని ఊరంత ఫోన్లెందుకు?" అన్నాడు. కాక ఆర్టీసీలో కండక్టరు. బస్సుకు సంబంధించినంతవరకు టికెట్లు కొట్టడం తప్ప ఆయన ముట్టుకున్నది లేదు గానీ, "నేను బస్సులల్ల పుట్టి బస్సులల్ల పెరిగినోన్ని" అనేవాడు, అందరూ నమ్మేవాళ్లు. సెలవుల్లో ట్రాక్టరు నడుపుతాడు కాబట్టి పెళ్లిరోజు మోటరు నడిపేది కూడా తనేనని ముందే ప్రకటించి ఉన్నాడు. నాయిన నావైపు చూశాడు. "అయితదా నీతోని?" అని అడిగాడు. తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. "చక్రాలే కద నాయినా" అన్నాను. ఆ 'కద' ఎంత బరువుదో నాకు తర్వాత తెలిసింది.

పెళ్లికి ముందురోజు పొద్దున్నే, పందిరి వాళ్లు గుంజలు పాతుతుండగా, నేనూ కాకా షెడ్డులోకి దిగాం. మెకానిక్ వదిలి వెళ్లిన పానాలు, ట్రాక్టరు జాకీ, కాక ఫోన్లో ఒక వీడియో మా ఆయుధాలు. వీడియోలో ఒక విదేశీ పెద్దాయన, తెల్లగడ్డం, ఇస్త్రీ చొక్కా, అచ్చం మన మోటరు లాంటి కారే పెట్టుకుని, ఏదో చెబుతూ నవ్వుతూ వెనక చక్రం నట్లను గాజులు తీసినంత సులువుగా ఎడమ దిక్కు తిప్పి తీసేశాడు. అక్కడికి నెట్టు ఆగిపోయింది. "చాలు, అర్థమయింది" అన్నాడు కాక, ఫోను జేబులో పెట్టుకుంటూ.

మొదట వెనక కుడి చక్రం పట్టుకున్నాం. జాకీ ఎత్తుతుంటే బండి లేవడానికి బదులు జాకీయే షెడ్డులోని ఎర్రమట్టిలోకి దిగబడసాగింది. కింద చెక్క ఏదైనా పెట్టాలన్నాను. కాక ఇంట్లోకి వెళ్లి ఒక మందపాటి చెక్క తెచ్చి జాకీ కింద దోపాడు, బండి చక్కగా లేచింది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాం. కుడిపక్క నట్లు వీడియోలో లాగానే ఎడమ దిక్కు తిప్పగానే కాసేపు మూలిగి ఊడొచ్చాయి. చక్రం తీశాం, చెక్క సుత్తితో చుట్టూ తట్టి డ్రమ్మును పీకాం. లోపల మిరపపొడిలాంటి ఎర్రటి తుప్పు గుప్పెళ్లకొద్దీ రాలింది. గరుకు కాగితంతో రుద్ది రుద్ది బ్రేకు భాగాలను ఊపిరి తీసుకునేలా చేశాను. కాక గ్రీజు డబ్బా తెచ్చి రెండు వేళ్లు నిండా తీసుకుని, "బస్సుకైతె మస్తు గ్రీజు కొడుతరు" అంటూ సరిగ్గా డ్రమ్మును ఒరుసుకునే చోటికే చేయి పెట్టబోయాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. "కాకా, గడ గ్రీజు పెడితె బ్రేకు జారుతది. రేపు మోటరు మండపం ముంగట ఆగదు, సీద హుమ్నాబాద్ పోయి ఆగుతది" అన్నాను. డిప్లొమా వల్ల మా ఇంటికి జరిగిన మొదటి ఉపకారం అదే.

మధ్యాహ్నానికి కుడి చక్రం బిగించేశాం. చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది. నేను దాని పక్కన నిలబడి ఒక ఫోటో దిగి, కాలేజీ స్నేహితులందరికీ పంపాను. తలా ఒక చప్పట్ల బొమ్మ పెట్టారు. వాటికి జవాబులిస్తూ ఉండగా ఇంట్లోంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "నా రొట్టెల పీట ఏడబోయింది? ఎవరన్న చూసిన్రా?" కాక ముఖం చూడగానే జాకీ కింద ఉన్నదేమిటో నాకు అర్థమైంది. నాయనమ్మ షెడ్డులోకి వచ్చి, వంగి, బండి కింద తన పీటను గుర్తుపట్టింది. కోపం తెచ్చుకోలేదు. "మంచిగుంది. నేను రొట్టెలు కొట్టేదాని మీద నువ్వు మోటరు నిలబెట్టినవ్. ఇగ నేను పోయి మోటరు మీద రొట్టెలు కొడుత" అని వెళ్లిపోయింది. ఆ పూట అందరం అన్నమే తిన్నాం.

ఇక మిగిలింది ఎడమ చక్రం. కాక భాషలో కిలీనర్ సైడు, అంటే లారీలో క్లీనర్ కూర్చునే పక్క. కుడిపక్క చేసిందే ఇటుపక్కా చేయాలి కదా అని ధైర్యంగా కూర్చున్నాను. పానా పెట్టి ఎడమ దిక్కు తిప్పాను. కదల్లేదు. రెండు చేతులూ వేశాను. కదల్లేదు. కాక తిప్పాడు, తర్వాత పానా మీద ఎక్కి నిలబడ్డాడు, తర్వాత దాని మీద చిన్నగా ఎగిరాడు. నట్టు తనతో ఎవరూ మాట్లాడనట్టే ఉండిపోయింది. కిరోసిన్ పోశాం, సుత్తితో తట్టాం, తాతను తలుచుకున్నాం. చివరికి కాక రోడ్డు మీది పంక్చరు దుకాణం నుంచి పహిల్వాన్‌ను పిలుచుకొచ్చాడు.

పహిల్వాన్ అనేది మా వాడ అంతా పిలిచే పేరు. వయసులో కుస్తీ నేర్పే తాలీంలో పట్లు పట్టిన మనిషి, ఇప్పటికీ లారీ టైరును గారెలా ఎత్తేవాడు. ఆయన వచ్చి చక్రాన్ని చూసి, నన్ను చూసి, "ఫికర్ చెయ్యకు బేటీ, మేమున్నం గద" అని పానాకు పొడుగాటి ఇనుప పైపు తొడిగాడు. ఊపిరి బిగబట్టి ఎడమ దిక్కు ఒక్క గుంజు గుంజాడు. టక్కున శబ్దం వచ్చింది. "ఊడింది" అన్నాడు కాక సంబరంగా. "ఊడింది ఊడింది, ఇగ మిగిలినయి గిట్లనే గుంజు చాచా." పహిల్వాన్ మాత్రం అరచేతిలోకి చూసుకుంటూ నిలబడ్డాడు. నట్టు వచ్చిన మాట నిజమే. అయితే విరిగిన బోల్టు ముక్క కూడా దాని లోపలే ఉండి వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే నాయిన పూలదండల బేరం ముగించుకుని వచ్చాడు. ఆ ముక్కను చూశాడు, పైపును చూశాడు, మట్టిలో కూర్చున్న నన్ను చూశాడు. తిట్టినా బాగుండేది. "ఇగ చాలియ్యున్రి. నేను ఆ సేటుకు ఫోన్ చేస్త. బిడ్డె పెండ్లికొడుకోల్లు తెస్తున్న తెల్ల కార్ల పోతది" అన్నాడు, చాలా మామూలుగా. అప్పటికే అక్కను సాయంత్రం నలుగు కోసం సిద్ధం చేస్తున్నారు, పసుపు బట్టల్లో పెరటి గుమ్మం దాకా వచ్చి వింది. లోపలికి వెళుతూ మోటరు బానెట్ మీద ఒకసారి చేయి ఆనించి, చేతికంటిన దుమ్ము చూసుకుని వెళ్లిపోయింది. మెడలో ఉన్న కార్డు తీసి జేబులో కుక్కుకున్నాను.

మేము ముగ్గురం పందిరి నీడలో కూలబడి మజ్జిగ తాగుతుంటే, నాయనమ్మ చేతిలో చింతపండు ముద్దా కొబ్బరిపీచూ పట్టుకుని వచ్చింది. పొద్దుటి నుంచి ఆమె ఇంట్లో ఇత్తడి సామాన్లు తోముతోంది. "నడవకుంటె నడవకపాయె. పెండ్లికొచ్చేటోల్లు చూస్తరు గద, గింత మురికి పెట్టుకుంటరా ఎవరన్న" అని చక్రం ముందు పీట లేకుండానే (అదింకా జాకీ కిందే ఉంది) గొంతుక్కూర్చుని నట్ల మధ్యలో తోమడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ల నల్లటి జిడ్డు చింతపండుకు కరిగి కారింది. కాసేపటికి, "ఏందే పిల్లా, ప్రతి మొల మీద మేస్త్రి మూలమట్టం లెక్క ఏందో చెక్కి ఉన్నది" అంది.

వెళ్లి వంగి చూశాను. మిగిలిన ప్రతి బోల్టు కొన మీదా ఇంగ్లీషు 'ఎల్' అక్షరం. కాక వెంటనే అర్థం చెప్పాడు. "ఎల్ అంటె లెఫ్టు. ఇది లెఫ్టు చక్రం గద, మర్చిపోకుండ రాసుకున్నరు." పహిల్వాన్ ఒప్పుకోలేదు. "లెఫ్టు చక్రం లెఫ్టుకు ఉంటదని మల్ల రాస్తరా ఎవరన్న? అది కంపెనీ ఓనరు పేరు అయ్యుంటది." వాళ్లు వాదించుకుంటుండగా నాకు ఒక పాత పాఠం గుర్తుకొచ్చింది. రెండో ఏడాదిలో మా సారు ఒకాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ పాఠం చెప్పే అలవాటున్న మనిషి, ఎడమ మరల గురించి, అంటే బోల్టు చుట్టూ ఉల్టా తిరిగే గాడుల గురించి చెప్పాడు. సైకిలుకు ఎడమ పెడలు ఉల్టా బిగుస్తుంది, అందుకే తొక్కుతుంటే ఊడిపోదు అని. పరీక్షలో రెండు మార్కులకు వస్తుందని బట్టీ పట్టాను, వచ్చింది, రాశాను, మరిచిపోయాను.

పరుగున వెళ్లి విరిగిన బోల్టు ముక్కను తెచ్చాను. కుడి చక్రం దగ్గర బయటికి పొడుచుకొచ్చి ఉన్న బోల్టు కొన పక్కన దీన్ని ఆనించి పట్టుకున్నాను. కుడి బోల్టు మీద మరలు ఒక పక్కకు ఎక్కుతుంటే, దీని మరలు రెండో పక్కకు ఎక్కుతున్నాయి. ఒకే అచ్చు, అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంది. వీడియోలో పెద్దాయన విప్పింది కూడా కుడి చక్రమే అయ్యుంటుంది. ఇంతసేపూ మేము విప్పుతున్నామనుకుని మా శక్తి కొద్దీ బిగిస్తూ ఉన్నాం. పహిల్వాన్ అయితే తన తాలీం బలమంతా పెట్టి, విరిగేదాకా బిగించాడు.

"కాకా, ఇది ఉల్టా తిరుగుతది. గీ పక్క చక్రానికి కుడిదిక్కు తిప్పితేనే ఊడుతది" అన్నాను. కాక నన్ను జాలిగా చూశాడు. "ఎండ తాకింది దీనికి. ఇంకింత మజ్జిగ పోయున్రి" అన్నాడు. నాయనమ్మ ఆ ముక్కను అడిగి తీసుకుని, వెలుతురుకు పట్టి, వేలితో మరల వెంబడి రాసి చూసింది. "పిల్ల చెప్పేది నిజమే ఉన్నట్టున్నది. ఇది ఎడమచేత్తోని పేనిన వత్తి లెక్క ఉన్నది" అంది. పహిల్వాన్ మాత్రం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేనైతె ముట్ట. ఇంకోటి ఇరిగితె ఊర్ల నా పేరు ఖరాబైతది బేటీ" అన్నాడు.

కాబట్టి నేనే. పానాకు పైపు తొడిగి, గోడకు ఆనుకుని, చెప్పులు విప్పి, పైపు కొస మీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డాను, ఈసారి కుడిదిక్కు దిగేలా. ఏమీ కాలేదు. వారం నుంచి పెళ్లి లడ్డూలు పరీక్షించే బాధ్యత కూడా ఇంట్లో నాదే కాబట్టి నా బరువు మీద నాకు నమ్మకం ఉంది. గోడ పట్టుకుని ఒక్కసారి ఎగిరి దిగాను. కిర్రుమని, పాత తలుపు తెరుచుకున్నట్టు, పొడుగాటి మూలుగు వినిపించింది. పైపు మెల్లగా నన్ను మోసుకుంటూ కిందికి దిగింది. నేను నేల మీద కూర్చుని ఉన్నాను, నట్టు వదులైంది. తర్వాత పహిల్వాన్ తన భుజం మీది తువ్వాలు తీసి నా తల మీద దులిపాడు, కుస్తీలో గెలిచినవాళ్లకు వాళ్ల ఉస్తాద్ అలా చేసేవాడట. ఆ తర్వాత మిగిలిన నట్లు ఆయనే విప్పాడు, "ఉల్టా, ఉల్టా" అని పైకి అనుకుంటూ.

డ్రమ్ము తీయడం, తుప్పు రుద్దడం, మళ్లీ పెట్టడం అన్నీ కుడిపక్క చేసినట్టే చేశాం. బిగించేటప్పుడు కాక తానొక్క నట్టయినా బిగిస్తానని ముచ్చటపడ్డాడు. సరే అన్నాను. అలవాటు కొద్దీ కుడిదిక్కుకే తిప్పుతూ, "ఇగ జూడు, ఎంత గట్టిగ పోతున్నదో" అంటూ ఉండగానే నట్టు ఆయన చేతిలోకి ఊడొచ్చింది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ పెట్టి మళ్లీ అలాగే తిప్పాడు. రెండోసారి చేతిలోకి వచ్చాక పానా నాకిచ్చి, "నేను డ్రైవింగు చేస్త, గది నా లైను" అన్నాడు. బోల్టు విరిగిన ఆ ఒక్క చోటు తప్ప అన్ని నట్లూ నేనే, ఎదురెదురుగా ఒకటి తర్వాత ఒకటి, పళ్లు బిగబట్టి బిగించాను. పొద్దు వాలుతుండగా కాక మోటరును షెడ్డులోంచి బయటికి తీసి వాకిట్లో ముందుకూ వెనక్కూ నడిపి ఆపి చూపించాడు. నాయిన పందిరి గుంజ పట్టుకుని చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి, కొంచెం పక్కకు వెళ్లి, "సేటూ, ఇగ జర ఆగు, రేపు చెప్త" అనడం నాకు వినిపించింది.

నలుగుకు నన్ను చూసి అమ్మ నుదురు కొట్టుకుంది. మోచేతుల దాకా నల్లగా ఉన్నాను. కిరోసిన్, శనగపిండి, నిమ్మచెక్క, అన్నీ అయ్యాయి. గోళ్ల సందుల నలుపు మాత్రం నా సొత్తుగా మిగిలిపోయింది. మెహందీ పెట్టడానికి వచ్చిన అమ్మాయి నా అరచేయి తిప్పి చూసి, "దీని మీద పెట్టినా కనబడదక్కా" అని పక్కవాళ్ల చెయ్యి అందుకుంది. అక్క నా చెంపకు పసుపు రాసి, ఇంకో గుప్పెడు తీసుకుని మళ్లీ రాసింది.

పెళ్లిరోజు మోటరు ముందు బ్యాండు మేళం, లోపల స్టీరింగు దగ్గర తలపాగా చుట్టిన కాక, పక్కన నాయనమ్మ, వెనక పెళ్లికూతురు అక్క, ఆమె పక్కన పట్టుచీరలో నేను, నా ఒళ్లో కొత్త తువ్వాలులో చుట్టిన పానా. ఎడమ చక్రం మీద నాకు ప్రేమ ఉంది గానీ నమ్మకం ఇంకా పూర్తిగా కుదరలేదు. బ్యాండువాళ్లు పాట మార్చడానికి ఆగినప్పుడల్లా నేను దిగి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, వంగి నట్లు చూసుకుని మళ్లీ ఎక్కేదాన్ని. దారి పొడుగునా దుకాణాల్లోంచి జనం బయటికి వచ్చి చూశారు. మోటరును చూస్తున్నారో, పట్టుచీరలో పానా పట్టుకున్న పిల్లను చూస్తున్నారో తెలియలేదు, రెండూ నావే కాబట్టి నేను తల ఎత్తుకునే కూర్చున్నాను.

రైల్వే బ్రిడ్జి ఎక్కేటప్పుడు మోటరు ఆయాసపడింది గానీ ఎక్కింది. దిగుడు మొదలయ్యాకే చూశాం. మండపం ముందు, రోడ్డుకు అడ్డంగా, పెళ్లికొడుకు వాళ్ల బరాత్ నిండా నిలబడి ఆడుతోంది. మా బ్యాండువాళ్లు వాళ్ల బ్యాండును చూసి పోటీకి పరుగెత్తి ముందుకు వెళ్లిపోయారు. మోటరు తన బరువుతో తానే దిగుతోంది, వేగం పెరుగుతోంది. కాక హారను నొక్కాడు. హారను లేదు (ఇంజనూ చక్రాలూ చూసుకున్న సంబరంలో దాని ఊసు ఎవరికీ గుర్తు రాలేదు). అందరికన్నా వెనక, మా వైపు వీపు పెట్టి, పెద్ద డోలు వాయించే భారీ మనిషి ఒకాయన కళ్లు మూసుకుని ఊగిపోతున్నాడు. అక్క నా చేయి పట్టుకుంది, గాజులు నా మణికట్టులోకి దిగాయి. నాకు ఒక్కసారిగా రెండు డ్రమ్ములూ, ఆ ఎర్ర తుప్పూ, కాక వేళ్ల మీది గ్రీజూ కళ్లముందు తిరిగాయి. "కాకా, బ్రేకు" అన్నాను. కాక సీట్లోంచి లేచినంత పనిచేసి తొక్కాడు.

రెండు వెనక చక్రాలూ ఒక్క మాట అనుకున్నట్టు పట్టుకున్నాయి. మోటరు ముక్కు కొంచెం వంచి, సర్దుకుని, నిలబడిపోయింది. డోలు మనిషి వీపుకూ మా బంపరుకూ మధ్య జానెడు జాగా ఉంది. ఆయన చూడలేదు కూడా, వాయిస్తూనే ఉన్నాడు. నాయనమ్మ కొంగు సర్దుకుని, "ఆగింది" అంది. కొంచెం ఆలోచించి, "మీ తాత నడిపిననాడు గిట్ల ఎన్నడు ఆగకపోతుండె. ఎప్పుడైన గడ్డివాముకు తాకిచ్చే ఆపుతుండె" అంది. అక్క పెళ్లికూతురన్న సంగతి మరిచిపోయి, బాసికం జారిపోయేలా నవ్వింది. నేను దిగి ఎడమ చక్రం ముందు కూర్చుని, ఈసారి నట్లు చూడకుండానే టైరు మీద చేయి వేశాను.

ఆ పూట భోజనాల దగ్గర మోటరు కథ మూడు రకాలుగా నడిచింది. కాక చెప్పినదాంట్లో బ్రేకు తొక్కడమే అసలు విద్య. పహిల్వాన్ చెప్పినదాంట్లో, ఆ బోల్టును తాను కావాలనే విరిచి పిల్లకు దారి చూపించాడు. నాయిన ఏ కథా చెప్పలేదు. పెళ్లికొడుకు మేనమామ, బీదర్ నుంచి వచ్చిన పెద్దమనిషి, "బండిని ఎవరితోని చేపిచ్చిన్రు, మంచిగున్నది" అని అడిగితే మాత్రం, వడ్డన మధ్యలో ఆగి, నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుని, "మా చిన్నది. ఇంజినీరు" అన్నాడు. అంతే. గరిటె మళ్లీ పప్పు బకెట్లో ముంచి పక్క విస్తరికి వెళ్లాడు. ఆ మాట కోసం నేను ఆ రోజు ఇంకో నాలుగు చక్రాలు విప్పి ఉండేదాన్ని. సేటు ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని కంప్యూటరు మీద బండి భాగాలు గీస్తాను. గీసినవి ఇప్పటికీ మొరాయించవు. మొన్న వానాకాలంలో ఊరికి వెళుతుంటే కోహీర్ చౌరస్తా దాటగానే నా కారు వెనక చక్రం గాలి పోయింది. డిక్కీ తెరిచాను, స్టెప్నీని చూశాను, నా నడుమును తలుచుకున్నాను, సహాయం నంబరుకు ఫోన్ చేశాను. బైకు మీద ఒక కుర్రాడు వచ్చి పని మొదలుపెట్టాడు. ఊరికే ఉండలేక పక్కన వంగి, "తమ్మీ, ఒకప్పుడు నేను కూడ..." అని ఎత్తుకున్నాను. అతను తల ఎత్తకుండా, ఎంతో మర్యాదగా, "మేడమ్, మీరు జర నీడకు పోయి కూసోండి, చేతులు ఖరాబైతయి" అన్నాడు.

వెళ్లి కూర్చున్నాను. పక్కనే గంపలో జామపండ్లు అమ్ముతున్న ఆమె దగ్గర ఒకటి కొని ఉప్పూ కారం అద్దించుకున్నాను. పట్టుచీరలో పానా పట్టుకున్న ఇరవై ఏళ్ల ఆ పిల్లయితే వెళ్లి ఉండేది కాదు. "జర జరుగు తమ్మీ" అని అతని చేతిలోంచి పానా లాక్కుని, తప్పో ఒప్పో ఏదో ఒక దిక్కుకు తిప్పేసి ఉండేది. పండు కొరుకుతూ, చల్లగా నీడలో కూర్చుని, ఆ పిల్ల తరఫున కొంచెంసేపు నవ్వుకున్నాను.